ధ్యానం చేస్తే కలలో మెలకువ వస్తుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతి వైపు ‘ఎరుక’ అంటే ముందు గుర్తొచ్చేది ఎరుకలసాని వేషంలో నారాయణవనం వెళ్ళి పద్మావతి పెళ్ళి ముచ్చట చెప్పిన శ్రీనివాసుడి కథ. ఇక్కడ చెప్పేది ఆ సోది ఎరుక కాదు. ఏం జరుగుతోందో జరుగుతుండగానే తెలిసి ఉండటం, ఇప్పుడందరూ మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నారే, అది. కల నడుస్తుండగానే ‘ఇది కల’ అని తెలిస్తే దాన్ని లూసిడ్ డ్రీమ్ అంటారు. రెండూ చుట్టాలే. అయితే ఒకరిని పిలిస్తే రెండోవాళ్ళు చెప్పకుండా వచ్చేసేంత దగ్గరి చుట్టరికం కాదు. ధ్యానం నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు తడబడేది ఇక్కడే.

అపోహ: రోజూ ధ్యానంలో కూర్చుంటే రెండు నెలల్లో లూసిడ్ కలలు వాటంతట అవే మొదలవుతాయి

అమెరికాలో బెంజమిన్ బేర్డ్ బృందం 2019లో సరిగ్గా దీన్నే చూసింది. ఏళ్ళ తరబడి ధ్యానం చేస్తున్నవాళ్ళకు మిగతావాళ్ళకంటే లూసిడ్ కలలు ఎక్కువగా వస్తున్నాయి. కొత్తగా 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు చేసినవాళ్ళకు మాత్రం పెరగలేదు.

మా లెక్కలో దీనికి ఒక కారణం ఉంది. కొత్తవాళ్ళు చాలామంది ప్రశాంతతను సాధన చేస్తారు. ప్రశాంతంగా పడుకున్నవాడు ప్రశాంతంగా కలగంటాడు, అంతే. కలకు పనికొచ్చేది వేరే ఉంది. శ్వాస మీద కూర్చుంటారు, రెండు నిమిషాల్లో మనసు కరెంటు బిల్లు దగ్గరికో, కొడుకు ఈఏపీసెట్ ర్యాంకు దగ్గరికో పోతుంది. కాసేపటికి ‘అరె, ఎటో పోయానే’ అని తెలుస్తుంది. తెలిసిన ఆ క్షణమే అసలు సరుకు. కలలో జరగాల్సిందీ అదే.

అందుకని 15 నిమిషాలు కూర్చోండి, ‘పోయాను’ అని పట్టుకున్న ప్రతిసారీ ఒక వేలు ముడవండి. పది వేళ్ళూ ముడుచుకున్నాయంటే ఆ పూట బాగా జరిగినట్టు. మనసు నిలవలేదని దిగులు పడొద్దు. రాత్రి సంగటి తిన్న వెంటనే కూర్చుంటే మాత్రం అది ధ్యానం కాదు, కునుకు. పొద్దున కూర్చోండి.

అపోహ: ‘ఇది కలా?’ అని పరీక్షించడానికి రోజుకు పదిసార్లు వేళ్ళు లెక్కపెట్టుకుంటే చాలు

అలిపిరి దారిలో మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కేవాళ్ళను గమనించండి. మొదటి వంద మెట్లకు వేలికి రాయి తగలడం తెలుస్తుంది. గాలిగోపురం చేరేలోపు చెయ్యి దానంతట అదే పోతుంటుంది, మనసు కొండ మీద గది దొరుకుతుందా లేదా అనే దాంట్లో ఉంటుంది. ‘ఇది కలా?’ అనే పరీక్షకూ ఇదే గతి పడుతుంది. పగలు యాంత్రికంగా చేస్తే కలలోనూ యాంత్రికంగానే చేస్తాం. ఏడు వేళ్ళు కనిపించినా ‘సరేలే’ అనుకుని ముందుకు పోతాం.

పరీక్షకు 20 సెకన్లు పట్టాలి. ముందు నిలబడిపోండి. ఇక్కడికి ఎట్లా వచ్చాను, ఐదు నిమిషాల ముందు ఎక్కడున్నాను అని వెనక్కి నడవండి. కలలో ఈ దారి మధ్యలో తెగిపోతుంది. తర్వాత ఏదైనా బోర్డు చదివి, చూపు తిప్పి, మళ్ళీ చదవండి. కలలో అక్షరాలు తరచూ మారిపోతాయి. చివరగా నోరు మూసి, ముక్కు రెండు వైపులా గట్టిగా పట్టుకుని గాలి పీల్చండి. గాలి ఆడితే మీరు కలలో ఉన్నారు. మూడింటిలో ముక్కు పరీక్షే తక్కువగా మోసం చేస్తుందని మా అభిప్రాయం.

రోజుకు ఐదారుసార్లు చాలు, కానీ గడియారం చూసి చెయ్యొద్దు. కోతి చేతిలోని కొబ్బరి చిప్ప లాక్కుపోయినప్పుడు, ఎన్నడూ లేనిది బస్సు ఖాళీగా వచ్చినప్పుడు, అంటే ఏదైనా వింతగా తోచినప్పుడు చెయ్యండి. కలలో ఎప్పుడో పోయిన అవ్వ వచ్చి సంగటి వడ్డిస్తుంటే వింత అనిపించదు. ఆ అలవాటే మారాలి.

అపోహ: పడుకునేముందు గట్టిగా సంకల్పం చెప్పుకుంటే సరిపోతుంది

పడుకున్న తొలి గంటల్లో కలల నిద్ర, అంటే రెమ్ నిద్ర, చాలా తక్కువ. సుమారు 90 నిమిషాలకొకసారి వస్తుంది, తెల్లవారేకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. రాత్రి పదిన్నరకు చెప్పుకున్న సంకల్పం తెల్లవారుజామున మూడు, నాలుగింటి వరకు నిలవదు. కొండ మీద సుప్రభాతం వేళే దీనికీ అదను.

పదిన్నరకు పడుకుంటే మూడున్నరకు అలారం. ఫోన్ చేతికి అందని చోట ఉంచండి, స్క్రీన్ చూశారా ఆ రాత్రి అయిపోయినట్టే. లేచి, మంచినీళ్ళు తాగి, మసక వెలుతురులో అంతకుముందు వచ్చిన కల నాలుగు ముక్కల్లో రాయండి. పది పదిహేను నిమిషాలు మెలకువగా ఉంటే చాలు. మళ్ళీ పడుకుని ‘ఈసారి కలగన్నప్పుడు, కలగంటున్నానని గుర్తుంచుకుంటాను’ అని నెమ్మదిగా అనుకోండి. ఇందాకటి కలలోకి మనసులోనే వెళ్ళి, వింత జరిగిన చోట ‘ఇది కల’ అని గుర్తుపట్టినట్టు ఊహించండి. అమెరికా పరిశోధకుడు స్టీఫెన్ లాబెర్జ్ రూపొందించిన మైల్డ్ (MILD) పద్ధతి ఇదే.

ఆస్ట్రేలియాలో డెన్‌హోమ్ ఆస్పీ అనే పరిశోధకుడు 2017లో పగటి పరీక్షలు, తెల్లవారుజామున లేవడం, మైల్డ్, మూడూ కలిపి చేయిస్తే మొదటి వారంలో 17 శాతం ప్రయత్నాలు ఫలించాయి. మైల్డ్ అయ్యాక ఐదు నిమిషాల్లోపే నిద్రపోయిన సందర్భాల్లో 46 శాతం. కాఫీ తాగి మరీ గట్టిగా మేల్కొంటే ఎందుకు పారదో ఇక్కడే తెలుస్తుంది. వారానికి రెండు రాత్రులు మించొద్దు.

అపోహ: ఇదంతా కల్పన

1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో అలన్ వోర్స్లీ ముందే అనుకున్న ప్రకారం కలలోంచి కళ్ళు కుడి ఎడమలకు తిప్పి సంకేతం పంపాడు. కీత్ హర్న్ దాన్ని యంత్రం మీద నమోదు చేశాడు. రెమ్ నిద్రలో ఒళ్ళంతా సడలిపోయినా కళ్ళు కదులుతాయి, అందుకే అది సాధ్యమైంది.

అపోహ: గుండెల మీద దయ్యం కూర్చుంటుంది

రెమ్ నిద్రలోని ఆ సడలింపు విడవకముందే మెలకువ వస్తే కదల్లేం. దాన్నే మనవాళ్ళు దయ్యం అంటారు. నిద్ర తక్కువైనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. పెనుగులాడొద్దు. శ్వాస వదలడం మీద దృష్టి పెట్టి, కాలి బొటనవేలు ఒక్కటి కదపడానికి చూడండి. కాసేపట్లో పోతుంది.

అపోహ: లూసిడ్ కల అంటే తురీయమే

కాదు. మాండూక్య ఉపనిషత్తు పన్నెండు మంత్రాల్లో జాగ్రత్ (మెలకువ), స్వప్న (కల), సుషుప్తి (గాఢనిద్ర) స్థితుల తర్వాత నాలుగోదిగా తురీయాన్ని చెప్పింది. కలలో మెలకువ వచ్చినా అది ఇంకా స్వప్నమే. గాల్లో ఎగిరినంత మాత్రాన సాధకుడు ఎక్కడికీ చేరలేదు.

కల అని తెలియగానే సంబరపడితే వెంటనే మెలకువ వచ్చేస్తుంది. కలలోనే అరచేతులు రుద్దుకోండి, కాళ్ళ కింద నేలను గమనించండి, ఒకే చోట చూపు నిలపకండి. కలను మన ఇష్టానికి తిప్పడం తర్వాతి సంగతి. చాలామందికి తెలియడం వస్తుంది, తిప్పడం రాదు.

లూసిడ్ కలల కోసం గాలంటమైన్ మాత్రల గురించి అడుగుతుంటారు. అది అల్జీమర్స్ మందు, సొంతంగా వాడొద్దు. సైకోసిస్, బైపోలార్‌కు చికిత్సలో ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా ఇవేవీ మొదలుపెట్టకండి. శ్రీసిటీలో నైట్ షిఫ్టులు చేసేవాళ్ళు, తెల్లారి ఘాట్ రోడ్డు ఎక్కాల్సిన డ్రైవర్లు అలారం జోలికి పోవద్దు. వాళ్ళు పగటి పరీక్షలు, కలల నోటుపుస్తకం వరకే ఉంచుకుని, నిద్ర లేచాక కళ్ళు తెరవకముందే, పక్కకు తిరగకముందే వచ్చిన కలను వెనక నుంచి ముందుకు ఒకసారి నెమరేసుకుంటే చాలు.