నానమ్మ బీపీ, గాలిపటం దారం

చిన్నారికి పెదతాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మేడ మెట్లు దిగి వచ్చిన నానమ్మకు వెంటనే బీపీ చూస్తే పై అంకె 152 వచ్చిందనీ, కాసేపాగి చూస్తే 138, సాయంత్రం 126 వచ్చిందనీ రాశావు. "ఇందులో ఏది నిజం? మిషన్ పాడైపోయిందా?" అని అడిగావు. మూడూ నిజమే కావచ్చు. తమ్ముడిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

గాలిపటం ఎగరేసేటప్పుడు దారం పట్టుకున్న వేలికి ఏం తెలుస్తుంది? గాలి విసురుగా వస్తే దారం బిగుస్తుంది, గాలి తగ్గితే వదులవుతుంది. ఒక క్షణం ఉన్నట్టు మరో క్షణం ఉండదు. రక్తపోటూ అంతే. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ రక్తనాళాల్లో ఒత్తిడి ఒకసారి లేచి, ఒకసారి దిగుతుంది. లేచిన చోటు పై అంకె, దిగిన చోటు కింది అంకె. మెట్లెక్కినా, కోపం వచ్చినా, ఊరికే మాట్లాడుతున్నా అది పెరుగుతుంది. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతాచార్యుడు ఒక గుర్రం ధమనికి పొడవాటి గాజు గొట్టం అమర్చి, రక్తం 8 అడుగుల పైకి లేవడం చూశాడు. ఆ సంగతి 1733లో అచ్చువేశాడు. అంత ఎత్తున కూడా రక్తం నిలకడగా లేదు, నాడి కొట్టినప్పుడల్లా అంగుళాల కొద్దీ లేస్తూ పడుతూనే ఉంది. ఆ గుర్రాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలి కలుగుతుంది.

దారం తెగకుండా కాపాడేది ఎగరేసేవాడి చెయ్యి. గాలి లాగితే కాస్త వదులుతుంది, జారితే కాస్త లాగుతుంది. మనకు మెడలో రెండు పక్కలా, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని వంపులోనూ అలాంటి చేతులున్నాయి. ధమని గోడ ఎంత సాగిందో అక్కడి నాడులు కనిపెట్టి మెదడుకు చెబుతాయి. మెదడు వెంటనే గుండె వేగాన్నీ, నాళాల బిగువునూ సరిచేస్తుంది.

నీ వయసులో ఒకరోజు నన్ను అన్నానికి పిలిస్తే, ఎగురుతున్న గాలిపటాన్ని కిటికీ ఊచకు కట్టేసి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఊచకు మూరెడు దారం వేలాడుతోంది. గాలి అంతకుముందు వీచినంతే వీచింది. కానీ ఇనుప ఊచకు పట్టూ తెలియదు, విడుపూ తెలియదు. ఆ సాయంత్రమంతా ఏడ్చాను. మన కోసం మరొకరు చేయలేని పనులు కొన్ని ఉంటాయని అప్పుడే తెలిసింది.

వయసు పెరిగేకొద్దీ ధమనుల గోడలు ఆ ఊచలాగే గట్టిపడతాయి. అందుకే పెద్దవాళ్ళ పై అంకె ఎక్కువగా ఎగిరిపడుతుంది. లేచి నిలబడిన 3 నిమిషాల్లో పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాలి. కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. నానమ్మను మంచం అంచున కాసేపు కూర్చుని లేవమను.

రాత్రి గాలి నెమ్మదించినట్టే, నిద్రలో రక్తపోటు 10 నుంచి 20 శాతం తగ్గాలి. ఒకసారి నా చేతికి ఒక పగలూ రాత్రీ బీపీ మిషన్ కట్టి ఉంచారు. పగటి అంకెలు చూసి తల ఊపిన డాక్టరు రాత్రి అంకెల దగ్గర ఆగిపోయారు. నాకు నిద్రలో తగ్గడం లేదు. అలాంటివారి గుండెకు, మెదడుకు, మూత్రపిండాలకు ముప్పు ఎక్కువ. కొందరికి డాక్టరు ఎదుట మాత్రమే పెరుగుతుంది, కొందరికి అక్కడ బాగుండి ఇంట్లో పెరుగుతుంది. ఈ రెండోది దాగి ఉండే శత్రువు.

సగటు ముఖ్యమే, ఊగిసలాట కూడా ముఖ్యమే. చూపించుకున్న ప్రతిసారీ అంకెలు బాగా మారిపోయేవారికి సగటుతో నిమిత్తం లేకుండా పక్షవాతం ముప్పు ఎక్కువని పీటర్ రాత్‌వెల్ అనే వైద్య పరిశోధకుడి బృందం 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో చూపించింది. కాబట్టి 126 వచ్చిందని నానమ్మ మాత్ర మానేస్తానంటే ఒప్పుకోకు. ఒక్క 152 చూసి భయపడనూ వద్దు. నానమ్మ వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, 5 నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, వేళతో సహా పుస్తకంలో రాయి. అప్పుడు నువ్వు కూడా కబుర్లు చెప్పకూడదు! ఆ పుస్తకాన్ని డాక్టరుకు చూపించండి.

ఇక నీకొక పని. 5 నిమిషాలు పడుకుని మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి నాడి లెక్కపెట్టు. వేళ్ళు తీయకుండా లేచి నిలబడు. ఆ క్షణంలో నీ ఒంట్లో రక్తం కొంత భాగం కాళ్ళ వైపు, పొట్ట వైపు జారుతుంది. అయినా నువ్వు నిలబడే ఉంటావు. దారం ఎవరు లాగారో, ఎప్పుడు లాగారో నీకు తెలియనే తెలియదు. ఇన్నేళ్ళొచ్చినా నాకు అది వింతగానే ఉంటుంది. పడుకున్నప్పుడు ఎన్ని, నిలబడగానే ఎన్ని వచ్చాయో నీవీ తమ్ముడివీ రాసి పంపు.

నీ పెదతాతయ్య