తొకొస్ వేరు, తోకం వేరు

రుద్రంలో “మా నస్తోకే తనయే” అని వస్తుంది. ఆ ‘తోకం’ అంటే సంతానం. గ్రీకులో ‘తొకొస్’ అన్నా కాన్పు, సంతానం. రెండూ ఒకటేనా అని ఒక పాఠకుడు అడిగారు. కావు. ఎందుకు కావో తెలియాలంటే ‘తిక్తో’ అనే గ్రీకు క్రియను విప్పి చూడాలి.

తిక్తో అంటే ‘కంటాను’. ధాతువు ‘తెక్’. కొన్ని ధాతువులకు వర్తమానంలో మొదటి హల్లు ఇకారంతో కలిసి ముందు మరోసారి వస్తుంది, సంస్కృతంలో ‘స్థా’ నుంచి ‘తిష్ఠతి’ వచ్చినట్టే. ఇక్కడ ‘తి’ చేరింది, ధాతువులోని ఎకారం రాలిపోయింది. ‘తిత్కో’ కావాలి. కానీ గ్రీకు నాలుకకు ‘త్క్’ పొసగదు, ‘క్త్’ హాయి. హల్లులు చోటు మార్చుకున్నాయి! దీన్నే వర్ణవ్యత్యయం అంటారు. తమిళ ‘ఉరల్’ పక్కన మన ‘రోలు’ను పెట్టి చూడండి, అక్కడ తారుమారైనవి అచ్చూ హల్లూ. తిక్తోలో అసలు వరుస త-క అనడానికి సాక్ష్యం భూతకాల రూపం ‘ఎతెకొన్’, బిడ్డ అనే అర్థంలో ‘తెక్నొన్’. నామంలో ఎ స్థానంలో ఒ వచ్చి తొకొస్ అయింది.

ఇప్పుడు తెలుగు లిపి మేలు చూడండి. తొకొస్‌లో ఉన్నది హ్రస్వ ఒ. గ్రీకు హ్రస్వ ఒకారానికి సంస్కృతంలో సాధారణంగా అకారం ఉంటుంది: గ్రీకు ‘ఒక్తో’, సంస్కృతం ‘అష్ట’. తోకంలోని దీర్ఘ ఓ పుట్టుక వేరు. సూర్య, ఉదయం కలిస్తే సూర్యోదయం అయినట్టు, దాని వెనక ఉకారం ఉంది. ఋగ్వేదంలో సంతానానికి ‘తుచ్’ అనే మాటే ఉంది. తెక్‌లో ఉకారం ఎక్కడిది? చెవికి ఒకేలా వినబడితే చుట్టరికం కలిపేసే పండితులు మనకు తక్కువేమీ లేరు. ఇలాంటి లెక్క బడిలోనే ఒక్కసారి చేయిస్తే ఆ జబ్బు సగం తగ్గుతుంది.

హోమర్ కావ్యాల్లో తండ్రి విషయంలోనూ తిక్తో వాడారు. ‘కన్నతండ్రి’ అనే మనకు అది వింత కాదు. తొకొస్‌కు వడ్డీ అనే అర్థమూ ఉంది. డబ్బు కన్న డబ్బు కాబట్టే ఆ పేరని చెబుతూ అరిస్టాటిల్ వడ్డీని తిట్టిపోశాడు. మనవాళ్లేమో మనవల్ని ఎత్తుకుని అసలు కంటే వడ్డీ ముద్దు అంటారు.

కాన్పు గదిలో వినిపించే ‘ఆక్సిటోసిన్’ ఈ ఇంటిదే: ‘ఒక్సుస్’ అంటే చురుకైన, వెరసి త్వరిత ప్రసవం. తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ హార్మోనును ప్రయోగశాలలో తయారుచేసిన డు విన్యోకు 1955లో నోబెల్ వచ్చింది. విటమిన్ ఇ శాస్త్రీయ నామం ‘టోకోఫెరాల్’లోనూ తొకొస్ ఉంది. అది అందని ఆడ ఎలుకల్లో పిండాలు నిలవకపోవడం 1922లో గమనించారు మరి.