పాప ఎర్ర గిలక్కాయే ఎందుకు పట్టుకుంది?

కోవూరులో మా పక్కింటి పెద్దమ్మకు ఏడు నెలల మనవరాలు ఉంది. "మా పాపకు ఎరుపంటే ప్రాణం, చూస్తావా అబ్బయా" అంటూ ఒకరోజు ఎర్ర గిలక్కాయ ఒక చేత్తో, పచ్చది ఇంకో చేత్తో పట్టుకుని పాప ముందు కూర్చుంది. పాప ఎర్రదే అందుకుంది. మళ్ళీ పెడితే మళ్ళీ అదే. మూడోసారి నేను పాపను వదిలేసి పెద్దమ్మను చూశాను. ఎర్రది పట్టుకున్న చెయ్యి జానెడు ముందుకు ఉంది. పైగా అదే గలగలమంటోంది. ఆమె మోసమేం చేయలేదు. తన చెయ్యి ముందుకు పోయిన సంగతి ఆమెకే తెలియదు.

పసిపిల్లల మనసు మీద పరిశోధన చేసేవాళ్ళ తలనొప్పి కూడా ఇదే. నోరు లేని పిల్లను ఏం అడుగుతాం? చూపు ఎటు నిలిచింది, ఎన్ని సెకన్లు నిలిచింది, చెయ్యి ఎటు చాచింది, ఇవే ఆధారాలు. ఆ కాస్త ఆధారం మీద చుట్టూ ఉన్న పెద్దల ఆశ వచ్చి వాలుతుంది.

బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని ఒకప్పుడు గొప్ప పేరు. కూడిక అడిగితే డెక్కతో తట్టి జవాబు చెప్పేది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు 1907లో గుట్టు విప్పాడు. సరైన అంకె రాగానే అడిగినవాళ్ళ తల, ఒంటి బిగువు రవ్వంత మారేవి, అది చూసి గుర్రం ఆగిపోయేది. అడిగినవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలిసేది కాదు. గుర్రమే అంత పసిగడితే, అమ్మ ఒళ్ళో కూర్చున్న బిడ్డ సంగతి చెప్పాలా! అందుకే ఇప్పుడు చాలా ప్రయోగాల్లో తల్లి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి పాటలు వినిపిస్తారు, లేదా కళ్ళు మూసుకోమంటారు. వీడియో చూసి సెకన్లు లెక్కపెట్టే మనిషికి ఆ పూట బిడ్డకు ఏం చూపించారో చెప్పరు.

రెండో చిక్కు అంగన్‌వాడీలో కనిపిస్తుంది. వేలాడే తక్కెడలో బిడ్డను పెడితే కాళ్ళు తన్నుకుంటుంది, ముల్లు ఊగుతుంది. ఊగుతున్న ముల్లును ఒక్కసారి చూసి రాసుకుంటే ఆ బరువును నమ్మలేం. టీచరమ్మ ముల్లు నిలిచేదాకా ఆగుతుంది. చూపు సెకన్లూ ఊగే ముల్లే. కానీ బిడ్డ ఓపిక అయిదు నిమిషాలో పదో, ఎక్కువసార్లు కొలవనివ్వదు. అప్పుడు మిగిలే దారి ఎక్కువమంది బిడ్డలు.

అక్కడే చాలాకాలం లోటు జరిగింది. 2007లో అమెరికాలో ఒక ప్రయోగం సంచలనమైంది. కొండెక్కే బొమ్మకు ఒక బొమ్మ సాయం చేస్తుంది, ఇంకొకటి కిందికి నెడుతుంది. పది నెలల పిల్లలు 16 మందిలో 14 మంది సాయం చేసిన బొమ్మనే అందుకున్నారు. బొమ్మాబొరుసు వేస్తే ఇది అంత తేలిగ్గా పడే లెక్క కాదు, అందుకే అందరూ నమ్మారు. ఈమధ్య 37 ప్రయోగశాలలు కలిసి, ముందే ఒకే పద్ధతి రాసుకుని, బొమ్మల ఆట వీడియోలో చూపించి మళ్ళీ చేశాయి. సాయం చేసిన బొమ్మను ఎంచుకున్నది 49 శాతం, అంటే బొమ్మాబొరుసే. పిల్లలకు మంచీచెడూ తెలియదని దీనర్థం కాదు. వీడియోకూ కళ్ళెదుటి బొమ్మకూ తేడా ఉండొచ్చు. మొదటి 16 మంది మీద అంత బరువు మోపకుండా ఉండాల్సిందని మాత్రం నాకనిపిస్తుంది.

ఇలా కలిసి చేసే పనికి 'మెనీ బేబీస్' అని పేరు. వాళ్ళ మొదటి ప్రయత్నం ముద్దు మాటల మీద. "ఎవలమ్మా ఇదీ" అని మనం గొంతు సాగదీస్తామే, అది మామూలు మాటకంటే పిల్లలకు ఇష్టమా అని. 16 దేశాల్లో 67 ప్రయోగశాలలు, రెండు వేలకు పైగా బిడ్డలు. ఈసారి ఇష్టం నిలిచింది. కానీ పాత చిన్న అధ్యయనాలన్నీ కలిపి చూపించినదానిలో సుమారు సగమే. వినిపించింది ఉత్తర అమెరికా ఇంగ్లీషు. ఆ భాష ఇంట్లో వినే పిల్లల్లోనే ఇష్టం ఎక్కువ కనిపించింది. జోలపాటలో పెరిగే మన కోవూరు పాపకు ఆ రికార్డింగు వినిపిస్తే వచ్చే జవాబు ముద్దు మాట గురించా, పరాయి భాష గురించా?

అన్నిటికంటే జారుడు మెట్టు ఇంకోటుంది. బిడ్డ మధ్యలో ఏడిస్తే? నిద్రపోతే? ఆ బిడ్డను లెక్కలోంచి తీసేస్తారు, తప్పదు. 37 ప్రయోగశాలలు చేసిన ఆ బొమ్మల ప్రయోగంలో వెయ్యికి పైగా పిల్లలను పరీక్షిస్తే లెక్కలోకి వచ్చింది 567 మంది. ఎవరిని తీసేయాలో ఫలితం చూశాక తేల్చుకుంటే, తెలియకుండానే మనకు నచ్చని జవాబులే బయటికి పోతాయి. అందుకే ఎంతసేపు ఏడిస్తే తీసేయాలో ముందే రాసి, తేదీతో నమోదు చేసి, తర్వాతే తలుపు తీస్తున్నారు.

పెద్దమ్మతో నేనూ ఇంకోసారి ఆడాను. ఈసారి రెండు గిలక్కాయలనూ పీట మీద సమానంగా పెట్టి, ఆమెను కళ్ళు మూసుకోమన్నాను. ఒకసారి ఎరుపు, మూడుసార్లు పచ్చ. అయిదోసారికి పాప ఆవలించి పీట మీదికే వాలిపోయింది.

పెద్దమ్మ కళ్ళు తెరిచి, ఎన్నెన్ని అని అడిగింది. చెప్పాను.

"దానికి మొదట్నించీ నిద్రొస్తా ఉండింది అబ్బయా," అంది పాపను భుజాన వేసుకుంటూ, "ఇది లెక్కలోకి రాదు."