విదేశీ చదువుకు సదరం పత్రం ఎందుకు సరిపోదు?

బెంగళూరు మారతహళ్లిలో మా పక్కింటి అమ్మాయి అమెరికాలో ఎం.ఎస్.కు దరఖాస్తులు సిద్ధం చేసుకుంటోంది. ఆమెకు చూపు బాగా తక్కువ. అనంతపురంలో తీసుకున్న సదరం ధ్రువపత్రాన్ని, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి ప్రభుత్వం ఇచ్చే పత్రాన్ని, ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకుంది. అందులో ముందుగా కంటపడేది 75 శాతం అనే అంకె. సీటు వచ్చాక నింపాలంటూ ఒక విశ్వవిద్యాలయం పంపిన ఫారంలో ఆ అంకెకు గడే లేదు. ఎంత పెద్ద అక్షరాలు చదవగలరు, పరీక్షలో అదనపు సమయం ఎంత కావాలి, తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడతారా అని అడిగి, ప్రతిదానికీ వైద్యుల వివరణ జతచేయమన్నారు.

మన దేశంలో 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, కనీసం 40 శాతం వైకల్యం ఉండాలని గీత గీసి, ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో కనీసం 3 శాతం సీట్లు కేటాయించింది. సీటు దక్కాలంటే శాతం తేలాలి కనుక మన కుటుంబాలు ఆ పత్రం చుట్టూనే తిరిగాయి. 2016 చట్టం రకాలను 21కి, ఉన్నత విద్యలో సీట్లను 5 శాతానికి పెంచింది. రాతలో చేయి పట్టేసే సివిల్స్ అభ్యర్థికి 40 శాతం లేదన్న కారణంతో, చెప్పింది రాసిపెట్టే లేఖకుణ్ణి నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పేదాకా, అవసరాన్ని శాతం నుంచి విడదీసి చూడడం ఇక్కడ అరుదే.

అమెరికాలో 1973లోనే పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ వివక్షను నిషేధించినా, దాన్ని అమలుచేసే నిబంధనలపై సంతకం పడక నాలుగేళ్లు గడిచాయి. 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ భవనంలో వికలాంగులు, కొందరు చక్రాల కుర్చీల్లోనే, మూడు వారాలకు పైగా బైఠాయించారు. ఆ నెల 28న సంతకం పడింది. ఆ పట్టుదల తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. 1990 చట్టం ఈ రక్షణను ప్రైవేటు సంస్థలకూ విస్తరించింది. అక్కడ సీట్ల కోటా లేదు. చదువుకు అడ్డొచ్చేదాన్ని తొలగించడమే కళాశాల బాధ్యత. అయితే సీటు వచ్చాక విద్యార్థి స్వయంగా అడగాలి, అమ్మానాన్నలు మాట్లాడితే చాలదు. ఇంట్లో అమ్మ చేసిపెట్టే వ్యక్తిగత సహాయం కళాశాల ఇవ్వనక్కరలేదు. ఆ ఖర్చు ముందే లెక్కవేసుకోవాలి.

బ్రిటన్‌లో వికలాంగులపై వివక్షను నిషేధిస్తూ 1995లోనే వచ్చిన అక్కడి చట్టం విద్యను చాలావరకు వదిలేసింది. విద్యనూ అందులోకి తెస్తూ 2001లో చేసిన మార్పు 2002 సెప్టెంబరు నుంచి అమలైంది.

ఎం.ఎస్. ప్రవేశాలకు రాసే జీఆర్‌ఈ పరీక్షలో అదనపు సమయం కావాలన్నా పరీక్ష తేదీ తీసుకోకముందే అనుమతి పొందాలి. అందుకే ఆ అమ్మాయి ఈ వారం కంటి వైద్యురాలి దగ్గరకు వెళ్లి, శాతానికి బదులు, అరగంట చదివాక కళ్లకు ఏమవుతుందో రాయమని అడగబోతోంది.