మెదడు గాయం తర్వాత స్పృహ: కుటుంబాలు తెలుసుకోవలసిన అపోహలు - వాస్తవాలు

అపోహ: కళ్లు తెరిస్తే స్పృహ వచ్చినట్టే.

వాస్తవం: మెలకువ, ఎరుక అనేవి రెండు వేర్వేరు విషయాలు. కోమాలో ఈ రెండూ ఉండవు. అయితే ప్రాణాపాయం తప్పినవారిలో ఆ స్థితి సాధారణంగా కొన్ని వారాలకు మించి ఉండదు. ఆ తర్వాత కళ్లు తెరిచి, నిద్ర-మెలకువలు తిరిగి మొదలైనా, తన గురించి గానీ పరిసరాల గురించి గానీ తెలుస్తున్న ఆనవాలు లేకపోతే దానిని వెజిటేటివ్ స్టేట్ అంటాము. ఆవలింత, మూలుగు, కన్నీరు ఎరుక లేకుండానే రావచ్చు. అప్పుడప్పుడైనా చూపుతో అనుసరించడం, చెప్పిన పని చేయడం వంటివి స్పష్టంగా కనిపిస్తే అది మినిమల్లీ కాన్షియస్ స్టేట్, అంటే కొద్దిపాటి ఎరుక ఉన్న స్థితి. బ్రెయిన్ డెత్, అంటే మెదడు పనితీరు తిరిగి రాకుండా పూర్తిగా ఆగిపోవడం, వీటిలో దేనికీ చెందదు, అది మరణమే.

అపోహ: డాక్టర్ ఒకసారి చూసి స్పృహ లేదంటే లేనట్టే.

వాస్తవం: మా రంగంలో అత్యధిక నష్టం కలిగించే అపోహ ఇదేనని నా అభిప్రాయం. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, వైద్య బృందం ఏకాభిప్రాయంతో వెజిటేటివ్ స్టేట్‌గా నిర్ధారించిన 44 మందిని కోమా రికవరీ స్కేల్ (పడక దగ్గరే రోగి స్పందనలకు మార్కులు వేసే పరీక్ష) సవరించిన రూపంతో పరీక్షించగా, వారిలో 18 మందిలో ఎరుక జాడలు కనిపించాయి. ఈ రోగుల స్పందన గంట గంటకూ మారుతుంది. మత్తుమందులు, బయటికి కనిపించని మూర్ఛలు, ఇన్ఫెక్షన్, వినికిడి లోపం, భాషా కేంద్రాలకు తగిలిన దెబ్బ, కదలలేని కండరాలు, ఇవన్నీ నిజంగా ఉన్న స్పృహను దాచేస్తాయి. అందుకే రెండు వారాల వ్యవధిలో కనీసం ఐదుసార్లు, వేర్వేరు వేళల్లో పరీక్షించడం మంచిది. చూపు అనుసరణను పరిశీలించడానికి వేలు కన్నా, రోగి ముఖం ఎదుట అద్దం కదపడం మేలు. రోజంతా పక్కనే ఉండే బంధువులు గమనించినదాన్ని, ముఖ్యంగా వీడియోను, వైద్యులు తోసిపుచ్చకూడదు.

పడక దగ్గరి పరీక్షకు కూడా పరిమితి ఉంది. 2024లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో, ఆజ్ఞలకు పైకి ఏ స్పందనా చూపని 241 మందిలో 60 మంది మెదళ్లు, మెదడు పనిచేసే తీరును చిత్రాల్లో చూపే ఫంక్షనల్ ఎంఆర్‌ఐలోనో, మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీలోనో ఆ ఆజ్ఞలకు స్పందించాయి. అయితే చెప్పినది చేయగలవారిలో కూడా చాలామంది అదే పరీక్షలో స్పందన చూపలేదు కనుక, ఫలితం రానంత మాత్రాన స్పృహ లేదనడం తప్పు.

అపోహ: కొన్ని నెలలు దాటితే ఇక ఆశ లేదు.

వాస్తవం: అమెరికా నాడీవైద్యుల 2018 మార్గదర్శకాలు ‘శాశ్వత’ అనే మాటను తొలగించి ‘దీర్ఘకాలిక’ అని మార్చాయి, మొదటి 28 రోజుల్లో అందరికీ భవిష్యత్తు శూన్యమే అన్న ధోరణిలో మాట్లాడవద్దని కూడా చెప్పాయి. ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలినవారు, గుండె ఆగి మెదడుకు ప్రాణవాయువు అందనివారికంటే సాధారణంగా మెరుగ్గా కోలుకుంటారు. ఆలస్యంగా కోలుకునేవారిలో చాలామందికి తీవ్ర వైకల్యం మిగులుతుందన్నది కూడా నిజమే. కుటుంబానికి ఈ రెండూ ఒకేసారి చెప్పాలి.

అపోహ: సరైన మందు పడితే లేచి కూర్చుంటారు.

వాస్తవం: 2012లో 184 మందిపై జరిగిన పరీక్షలో అమంటడిన్ అనే మందు తలగాయం రోగుల కోలుకునే వేగాన్ని పెంచింది, మందు ఆపాక ఆ వేగం తగ్గింది. మిగతాదంతా ఓపికగా చేసే సేవ: పుండ్లు పడకుండా, కీళ్లు బిగుసుకుపోకుండా చూడటం, మెదడులో నీరు చేరితే గుర్తించి తొలగించడం, మత్తు కలిగించే మందులను వీలైనంత తగ్గించడం.