తాతయ్యకి కనిపించిన పిల్లలు, రమణ మామయ్యకి వినిపించిన గొంతులు

చిన్నా, లల్లీ,

మీ ఇద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో లల్లీ ఒక మాట అడిగింది. "వేసవి సెలవుల్లో తాతయ్య జామచెట్టు కింద ఇద్దరు పిల్లలు నిలబడ్డారన్నారు కదా, అక్కడ ఎవరూ లేరు. తాతయ్యకి కూడా రమణ మామయ్యకి వచ్చిన జబ్బే వచ్చిందా?" అని. గొంతు బాగా తగ్గించి, ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగావు తల్లీ. అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. ఉద్యోగమంతా ప్రభుత్వాసుపత్రి మందుల గదిలో చేసినదాన్ని, నాకు తెలిసినంత కూర్చుని రాద్దామనిపించింది.

ముందు జవాబు చెప్పేస్తాను. రెండూ వేర్వేరు జబ్బులు. తాతయ్యది కదలికలు తడబడే పార్కిన్సన్స్, మామయ్యది లేని గొంతులు వినిపించే స్కిజోఫ్రీనియా. ఏదీ అంటుకునేది కాదు, గాలి సోకితేనో దిష్టి తగిలితేనో వచ్చేది అంతకంటే కాదు. అయితే ఈ రెండింటి కథలోనూ డోపమైన్ అనే ఒకే పదార్థం ఉంది. మెదడులో ఒక కణం పక్క కణానికి కబురు పంపడానికి వాడే రసాయనాల్లో అదొకటి. నువ్వు అడిగిన ప్రశ్న దగ్గరే పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా ఆగి ఆలోచించారు, కాబట్టి అడిగినందుకు భయపడకు.

తాతయ్య జబ్బు మీరు దగ్గరగా చూశారు. ఊరికే కూర్చున్నప్పుడు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఏదో ఉండ చుడుతున్నట్టు కదులుతుంటాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది. అన్నిటికంటే వింత గడప దగ్గర జరుగుతుంది. మామూలుగా నడిచి వస్తున్న మనిషి గడప ముందుకి రాగానే కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. ఫిజియోథెరపిస్టు చెబితే అక్కడ అడుగుకొకటి చొప్పున తెల్ల పెయింటుతో అడ్డగీతలు గీయించాను. ఆ గీతలు దాటుకుంటూ ఆయన ఆగకుండా లోపలికి వచ్చేస్తున్నారు. చిన్నా, ముగ్గు ఇలా అడ్డంగా వేశారేంటి అన్నావే, అది ఇదే. కాళ్ళలో బలం ఎక్కడికీ పోలేదురా. ఆలోచించకుండా, అలవాటుగా అడుగు వేయించే ఏర్పాటుకి డోపమైన్ చాలట్లేదు. కళ్ళెదుట గీత కనిపిస్తే మెదడు ఇంకో దారిలో, చూసి, కావాలని అడుగు వేయిస్తుంది.

ఈ జబ్బుని 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ వివరంగా రాశారు. ఆయన వర్ణించిన ఆరుగురిలో కొందరిని వీధిలో నడుస్తుండగా గమనించారంతే. నడిమెదడులో నల్లగా కనిపించే ఒక చిన్న భాగంలో డోపమైన్ తయారుచేసే కణాలు మెల్లమెల్లగా చచ్చిపోవడం దీనికి మూలం. ఎందుకు చస్తాయన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

మరి లోపించింది డోపమైనే అని ఎలా కనిపెట్టారు? ఆ కథ మన దేశపు మొక్కతో మొదలవుతుంది, నాకు చాలా ఇష్టమైన కథ. సర్పగంధి వేరుని మన వైద్యులు తరతరాలుగా పిచ్చికీ, నిద్ర పట్టకపోవడానికీ వాడేవారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు ఆ వేరు పిచ్చికీ రక్తపోటుకీ పనిచేస్తోందని వైద్య పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ వాళ్ళు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే మందుని వేరుచేశారు. మానసిక ఆసుపత్రుల్లో అది ఇస్తే రోగులు నెమ్మదించారు. కానీ కొందరికి ఒళ్ళు బిగుసుకుపోయి, చేతులు వణికి, అచ్చం పార్కిన్సన్స్ వచ్చినట్టే అయింది.

దాన్ని ఒట్టి సైడ్ ఎఫెక్ట్ అని వదిలేసి ఉంటే కథ అక్కడితో ఆగేది. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త వదిలెయ్యలేదు. కుందేళ్ళకి రిసర్పిన్ ఇస్తే చెవులు వాల్చేసి కదలకుండా పడి ఉన్నాయి. వాటికి లెవోడోపా ఎక్కిస్తే కాసేపట్లో లేచి తిరగడం మొదలుపెట్టాయి. లెవోడోపా అంటే ఒంట్లో డోపమైన్‌గా మారే పదార్థం. రిసర్పిన్ మెదడులోని డోపమైన్ నిల్వలు ఖాళీ చేసిందనీ, లెవోడోపా మళ్ళీ డోపమైన్‌ని అందించిందనీ తేలింది. ఆ కుందేళ్ళ ప్రయోగం 1957 సంగతి. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ అనే శాస్త్రవేత్త పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ళ మెదళ్ళు పరీక్షించి, డోపమైన్ బాగా తగ్గిపోయి ఉందని చూపించారు. మరుసటి ఏడాది ఆయనా, బిర్క్‌మేయర్ అనే డాక్టరూ కలిసి రోగులకి లెవోడోపా ఎక్కిస్తే మంచం దిగలేనివాళ్ళు లేచి నడిచారు, కొన్ని గంటలపాటే అనుకోండి. 2000లో కార్ల్‌సన్‌కి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ లెవోడోపా మన చేలగట్ల మీద కూడా ఉంది. దూలగొండి తెలుసుగా? కాయ మీది నూగు తగిలితే ఒళ్ళంతా దురద పుట్టిస్తుందే, అదే. దాని గింజల్లోంచి లెవోడోపాని 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. అలాగని యూట్యూబ్‌లో చూసి దూలగొండి పొడి తెచ్చి తాతయ్య పాలలో కలపమని మీ అమ్మకి చెప్పకండి. ఒక్కో గింజలో ఎంత ఉంటుందో తెలియదు, వేసుకుంటున్న మాత్రతో కలిస్తే డోస్ హద్దు దాటుతుంది.

ఇక తాతయ్య మాత్ర. అందులో రెండు మందులుంటాయి, లెవోడోపా, కార్బిడోపా. ఉత్త డోపమైన్ ఇవ్వొచ్చుగా అంటారేమో. రక్తంలోంచి ఏది పడితే అది మెదడులోకి వెళ్ళకుండా ఒక కంచె ఉంది. డోపమైన్ ఆ కంచె దాటలేదు, లెవోడోపా దాటుతుంది. కానీ లెవోడోపా ఒక్కటే ఇస్తే చాలామటుకు మెదడు చేరకముందే డోపమైన్‌గా మారిపోయి కడుపులో వికారం, వాంతులు తెస్తుంది. కార్బిడోపా ఆ మార్పుని బయట జరగనివ్వదు. అది కంచె దాటలేదు కాబట్టి లోపల మాత్రం పని మామూలుగా సాగుతుంది. ఈ ఉపాయం గుర్తుంచుకోండి, కిందికి వచ్చేసరికి మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు జామచెట్టు కింద పిల్లల సంగతి. డోపమైన్ కావలసింది కదలికలు నడిపే చోట. మాత్ర దాన్ని అక్కడికే పంపలేదు, మెదడంతా పెంచుతుంది. అది ఎక్కువైన చోట లేని మనుషులు కనిపించవచ్చు. మందు వల్లే కాకుండా జబ్బు ముదిరే కొద్దీ కూడా ఇలా జరుగుతుంది, నరాల డాక్టర్లకి ఇది బాగా తెలిసిన విషయం. తాతయ్య ఆ పిల్లల సంగతి నాతో చెప్పారు, నేను డాక్టరుగారితో చెప్పాను. ఆయన ఒక మందు ఆపి, మాత్రల వేళలు మార్చారు. ఆ తర్వాత పిల్లలు కనిపించలేదు.

రమణ మామయ్యకి డిగ్రీ చదివే రోజుల్లో గొంతులు వినిపించడం మొదలైంది. స్కిజోఫ్రీనియా మామూలుగా ఆ వయసు చుట్టుపక్కలే బయటపడుతుంది. ప్రపంచంలో 2 కోట్లకు పైగా మందికి ఉంది. 1952లో పారిస్‌లో డెలే, డెనికర్ అనే డాక్టర్లు క్లోర్‌ప్రోమజిన్ అనే మందుతో ఇలాంటి రోగులు తేరుకోవడం చూశారు. అది డోపమైన్‌ని అడ్డుకుంటుందని తర్వాత తెలిసింది. అందుకే ఆ జాతి మందులు వాడేవాళ్ళలో కొందరికి చేతులు వణుకుతాయి, నడక బిగుసుకుంటుంది. మామయ్య పెళ్ళిలో అక్షింతలు వేస్తుంటే చేతులు వణికాయని ఎవరో గుసగుసలాడారు, గుర్తుందా? అది ఆ మాత్ర పని.

చూశారా, డోపమైన్ పెంచే మాత్ర వేసుకుంటే తాతయ్యకి లేని పిల్లలు కనిపించారు. డోపమైన్‌ని అడ్డుకునే మాత్ర వేసుకుంటే మామయ్య చెయ్యి తాతయ్య చెయ్యిలా వణికింది. ఒకటి నరాల జబ్బనీ, ఇంకొకటి పిచ్చి అనీ మనుషులు గీత గీసుకున్నారు గానీ మెదడులో ఆ గీత ఎక్కడా లేదు. అయినా తాతయ్యకి జబ్బంటే బంధువులంతా పళ్ళు పట్టుకుని చూడ్డానికొచ్చారు. మామయ్యకి జబ్బని తెలిసినప్పుడు మా అక్క ఇంటికి ఒక్కరూ రాలేదు. తాయెత్తులు కట్టించారు, పేరు మార్చమన్నారు, పక్కవాళ్ళకి తెలియకుండా గదిలో ఉంచమన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చాలా కాలం గడిచిపోయింది. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోయేది దీని గురించే. ఎందుకంటే చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.

మద్రాసులో మానసిక వైద్యురాలు డాక్టర్ తార, ఆమెతో పనిచేసినవాళ్ళు కలిసి 1981 నుంచి ఒక పని చేశారు. ఈ జబ్బు తొలిసారి వచ్చిన 90 మందిని ఏళ్ళ తరబడి వెంట ఉండి గమనించారు. పదేళ్ళ తర్వాత చూస్తే వాళ్ళలో ఎక్కువమంది తేరుకుని ఉన్నారు. ఈ జబ్బొస్తే బతుకు అయిపోయినట్టే అనేవాళ్ళెవరైనా కనిపిస్తే ఈ సంగతి చెప్పండి.

పరిశోధన కొత్తగా ఎక్కడిదాకా వచ్చిందో కూడా చెప్పాలి. దాదాపు 70 ఏళ్ళు స్కిజోఫ్రీనియా మందులన్నీ ఏదో ఒక రకంగా డోపమైన్ దగ్గర అడ్డుపడేవే. 1990లలో అల్జైమర్స్ అనే మతిమరుపు జబ్బు కోసం జానోమెలిన్ అనే మందుని పరీక్షిస్తుంటే, రోగులకి లేనివి కనిపించడం, వినిపించడం తగ్గాయి. అది డోపమైన్‌ని నేరుగా తాకదు, అసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనం దారిలో పనిచేస్తుంది. కానీ వాంతులు, కడుపులో తిప్పడం తట్టుకోలేక మూలన పెట్టేశారు. చాలా ఏళ్ళకి ఒక ఆలోచన తట్టింది. మూత్రం ఆపుకోలేని వాళ్ళకిచ్చే ట్రాస్పియం అనే పాత మందు ఉంది. అది కడుపులో జానోమెలిన్ పనికి అడ్డుపడుతుంది, మెదడు కంచె మాత్రం దాటలేదు. రెండూ కలిపి ఇచ్చారు. కార్బిడోపా ఉపాయమే ఇది కూడా! ఈ జంటమందుకి 2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే, ఇంచుమించు ఇదే దారిలో వచ్చిన ఇంకో మందు పరీక్షల్లో ఓడిపోయింది. కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు, తొందరపడకూడదు.

పార్కిన్సన్స్ వైపు, చచ్చిపోయిన కణాల బదులు కొత్త కణాలు పెట్టే ప్రయత్నం సాగుతోంది. జపాన్‌లోని క్యోటోలో 7గురికి, అమెరికా, కెనడాల్లో 12 మందికి ప్రయోగశాలలో పెంచిన కణాలు మెదడులో పెట్టారు. 2025 ఏప్రిల్లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇవి ముఖ్యంగా ప్రమాదం ఉందా లేదా అని చూసే పరీక్షలు. పెట్టిన కణాలు బతికాయి, ట్యూమర్ గడ్డలు పుట్టలేదు. జబ్బు నయం చేస్తాయా అన్నది ఇంకా పెద్ద పరీక్షల్లో తేలాలి. తాతయ్య పేపర్లో ఇది చదివి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు, నేనూ ఇదే చెబుతున్నాను.

మీ స్నేహితుల్లో ఎవరికైనా గొంతులు వినిపిస్తున్నాయన్నా, నిద్ర పట్టట్లేదన్నా, చచ్చిపోవాలనిపిస్తోందన్నా అది మీ కడుపులో దాచుకోకండి. వెంటనే మీ అమ్మకో టీచరుకో చెప్పండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ ఉంది, 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంకోటి, మందు పడట్లేదనిపిస్తే చెప్పాపెట్టకుండా మానెయ్యకూడదు, డాక్టరుకి చెప్పాలి. మామయ్య చెయ్యి వణుకుతోందని చెప్పాకే ఆయన డాక్టరు మందు మార్చారు.

దసరాకి మీరొచ్చేసరికి మామయ్య కూడా వస్తానన్నాడు. గొంతుల సంగతి పిల్లలు అడిగితే చెబుతావా అన్నాను. "అడగమను పిన్నీ, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు" అన్నాడు. కాబట్టి లల్లీ, ఈసారి గొంతు తగ్గించకుండా అడుగు. చిన్నా, తాతయ్య మాత్ర డ్యూటీ నీది. పొద్దున మాత్ర వేసుకున్నాక అరగంటపైన ఆగి పెసరట్టు పెట్టాలి. పప్పులోని ప్రొటీను, మందు రెండూ ఒకే దారిన లోపలికి పోవాలి కనుక పోటీ పడతాయి, మందు ఆలస్యమైపోతుంది. ఆయన ఆకలేస్తోందని ముందే అడుగుతారు, ఇవ్వకు.

మీ అమ్మని ఒకసారి ఫోన్ చెయ్యమనండి, టిక్కెట్ల సంగతి మాట్లాడాలి.

ఇట్లు
మీ అమ్మమ్మ