నూటికి నూరు శాతం మీ మతం: ఈ లెక్క ఎక్కడ మొదలైంది?

నమ్మకాలు చెబితే మతం పేరు తేల్చి చెప్పే యంత్రాల మీద వాదన మళ్లీ రాజుకుంది. ఈసారి కారణం కృత్రిమ మేధ. దేవుడున్నాడా, చనిపోయాక ఏమవుతాం అని చాట్‌బాట్‌ను అడిగేవారికి, మీ ఆలోచనలు ఫలానా సంప్రదాయానికి దగ్గరగా ఉన్నాయని అది తాపీగా జవాబిస్తోంది. ఇందులో తప్పేముందని ఒక పక్షం. మతం చొక్కా కొలత కాదని మరో పక్షం.

యంత్రం కొత్తదే గానీ పని పాతది. 1999లో అమెరికాలో మొదలైన బిలీఫ్‌నెట్ అనే మత విషయాల వెబ్‌సైట్ ద్వారా ‘బిలీఫ్-ఓ-మాటిక్’ అనే ప్రశ్నావళి ప్రచారంలోకి వచ్చింది. ప్రశ్నలు 20, మతాలు 27. దైవం ఒకటా అనేకమా, సృష్టి ఎలా జరిగింది, లోకంలో చెడు ఎందుకుంది, గర్భస్రావం తప్పా కాదా వంటివి అడిగి, ఒక్కో మతం పక్కన ఒక శాతం వేసి చూపేది. మీ ఆత్మకు చివరికి ఏ గతి పట్టినా చట్టపరంగా మాకు బాధ్యత లేదన్న చమత్కారపు హెచ్చరిక కూడా ఉండేది.

అయితే ఈ లెక్క 1999లో పుట్టింది కాదు. అసలు మలుపు 1624. మతం పేరిట ఐరోపాలో ముప్పై ఏళ్ల యుద్ధం అప్పటికే ఆరేళ్లుగా నడుస్తోంది. పారిస్‌లో ఇంగ్లండ్ రాయబారిగా పనిచేసిన ఎడ్వర్డ్ హెర్బర్ట్ ఆ ఏడాది లాటిన్‌లో ఒక గ్రంథం అచ్చువేయించాడు. పరమాత్మ ఒకడున్నాడు, ఆయనను ఆరాధించాలి, సద్గుణమే ఆరాధనలో ప్రధానం, పాపానికి పశ్చాత్తాపపడాలి, మంచిచెడులకు ఫలితం ఇక్కడా ఆ తర్వాతా ఉంటుంది: ఈ అయిదూ మనుషులందరికీ ఉమ్మడి అన్నాడు. కొట్లాట ఆగాలన్న మంచి ఉద్దేశమే అది. కానీ పండుగ, ఉపవాసం, పూజాక్రమం, పదిమందీ కలిసి కూర్చోవడం ఈ అయిదింట్లో ఎక్కడా లేవు. మతాన్ని వాక్యాల జాబితాగా మార్చాక, ఆ వాక్యాలకు ఎదురుగా అవును, కాదు అని గుర్తులు పెట్టడం ఎంతసేపు? కంప్యూటర్ రావడమే ఆలస్యం.

తెలుగులో ఈ తగువు మాటల్లోనే దాగి ఉంది. మతం అంటే మొదట అభిప్రాయమనే అర్థం. శంకర మతం, రామానుజ మతం అన్నప్పుడూ, అభిమతం, సమ్మతం అన్నప్పుడూ వినిపించేది అదే. శ్రద్ధ మాత్రం మరోవైపు లాగుతుంది. నమ్ముతున్నాను అని చెప్పే లాటిన్ మాట ‘క్రేదో’కూ దీనికీ మూలం ఒకటే, మనసు పెట్టడం. క్రేదో అంటే ఫలానా సంగతి నిజమని ఒప్పుకోవడం కాదని, మనసు అర్పించడమని కెనడా మతచరిత్రకారుడు విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1960ల నుంచి వాదించాడు. మతాన్ని నమ్మకాల మూటగా చూడడం ఇటీవలి అలవాటన్నది ఆయన మాట.

ప్రశ్నావళిని సమర్థించేవారు 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనను ముందుకు తెస్తారు. దాని 18వ అధికరణం మతం మార్చుకునే స్వేచ్ఛను గుర్తించింది. సౌదీ అరేబియా ఆ మాటకు అభ్యంతరం చెప్పి ఓటింగుకు దూరంగా ఉండిపోయింది. ఎంచుకునే హక్కున్నప్పుడు వివరాలు తెలుసుకుని ఎంచుకోవడం మేలే కదా అంటారు వీరు. పుట్టిన ఇంట్లో ఇమడలేనివారికి తమలా ఆలోచించేవారు ఎక్కడో ఉన్నారని తెలియడం చిన్న ఊరటేమీ కాదు.

రెండో పక్షం హక్కును కాదనడం లేదు. అడుగుతున్న ప్రశ్నలే వేరంటోంది. యూదు మతంలో చేరతానని వచ్చినవాడిని ఏమడగాలో యూదుల ప్రాచీన ధర్మ గ్రంథం తాల్ముద్‌లో ఉంది. సృష్టి గురించో మరణానంతరం గురించో అడగరు. ఏం చూసి వచ్చావు, ఈ జనం ఇప్పుడు అణచివేతలో, కష్టాల్లో ఉన్నారని నీకు తెలియదా అని అడుగుతారు. తెలుసు, ఆ కష్టాల్లో పాలుపంచుకునేంత యోగ్యత కూడా నాకు లేదు అంటే, వెంటనే చేర్చుకుంటారు. ఆ తర్వాత పాటించాల్సిన నియమాల్లో కొన్ని తేలికవీ కొన్ని బరువైనవీ చెబుతారు. ఇలాంటి జవాబుకు ఎంత శాతం వేస్తారు?

బిలీఫ్-ఓ-మాటిక్‌లోని ఆ 27 పేర్లలో, క్రైస్తవంలో పుట్టిన క్వేకర్ల సమాజంలోని ఉదారవాద శాఖ కూడా ఉంది. ఒప్పుకుని తీరాలనే విశ్వాస ప్రకటన ఏదీ వారికి లేదు. నూటికి నూరు వచ్చిందని వెతుక్కుంటూ వెళ్లినవాడు చూసేది ఒక గది, వరుసగా కుర్చీలు, గంటసేపు మౌనం. మధ్యలో ఎవరికైనా మాట్లాడాలనిపిస్తే లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. ఆ ఇరవై ప్రశ్నలకు ఏం జవాబులిచ్చావని ఎవరూ అడగరు.